వేణ్నీళ్లు పోసుకుంటేనే ఆగే వాంతులు

ఈసారి ఒకే బాధ మీద వచ్చిన ఉత్తరాలను ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం. రాసినవాళ్ల పేర్లు వేయలేదు, పేట పేరు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. మాదాపూర్‌లో ఉద్యోగం. ఏడాదిన్నరగా రెండు నెలలకోసారి వాంతులు మొదలవుతున్నాయి. తెల్లవారుజామున డోకుతో లేస్తాడు. ఇక రెండు మూడు రోజులు మంచినీళ్లు కూడా నిలవవు, చివరికి పసరు పడుతుంది. సెలైన్ పెట్టించి ఇంటికి తెచ్చుకుంటాం. వారం తిరిగేసరికి ఏమీ జరగనట్టే బిర్యానీ తింటాడు. రెండుసార్లు ఎండోస్కోపీ, ఒకసారి సీటీ స్కాన్ చేయించాం, అన్నీ నార్మల్ అన్నారు. దిష్టి తీశాం, దర్గాకూ తీసుకెళ్లాం. వాంతులప్పుడు గంటల తరబడి వేడినీళ్ల కిందే ఉంటాడు. నాలుగేళ్లుగా రోజూ గంజాయి తాగుతున్నాడని ఈమధ్యే వాడి రూమ్మేట్ చెప్పాడు. ఈ రెండింటికీ సంబంధం ఉందా?
– ఓ తల్లి, కూకట్‌పల్లి

జవాబు: ఉందమ్మా. ఎండోస్కోపీలో కనబడనిది మీ ఉత్తరం చివరి వాక్యాల్లో ఉంది. వేడినీళ్లు, నాలుగేళ్ల గంజాయి. ఈ రెండూ కలిస్తే ఏ వైద్యుడైనా ముందుగా అనుమానించాల్సింది కెనబినాయిడ్ హైపరెమెసిస్ సిండ్రోమ్ అనే జబ్బును. ఏళ్ల తరబడి దాదాపు రోజూ గంజాయి వాడేవాళ్లలో కొందరికి విడతలు విడతలుగా వచ్చే తీవ్రమైన వాంతుల జబ్బు ఇది. పొగ పీల్చినా, గంజాయి నుంచి తీసిన చిక్కటి నూనె (హాష్ ఆయిల్) వాడినా, చాక్లెట్ల రూపంలో తిన్నా రావచ్చు.

ఈ జబ్బును మొదట విడిగా వర్ణించింది ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వైద్యులు, 2004లో. వాళ్లు రాసింది 10 మంది గురించే. గంజాయి మానేసిన ఏడుగురికీ వాంతులు ఆగిపోయాయి, మానని ముగ్గురికీ వస్తూనే ఉన్నాయి. వాళ్లలోనే కొన్నాళ్లు మానేసి మళ్లీ మొదలుపెట్టి చూసిన ముగ్గురికీ జబ్బు తిరగబెట్టింది. ఆ 10 మందిలో తొమ్మిది మందికి వాంతులప్పుడు మాటిమాటికీ వేణ్నీళ్ల స్నానం చేసే అలవాటు కనిపించింది. చిన్న పరిశీలనే. అయినా ఆ తర్వాత వేరే దేశాల్లో వైద్యులు చూసిందీ ఇదే.

అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2024లో దీనికి కొన్ని కొలతలు పెట్టింది. వాంతులు మొదలవడానికి ముందు ఏడాదికి పైగా వాడకం ఉండాలి, అదీ సగటున వారానికి నాలుగుసార్లకు మించి. ఏడాదిలో కనీసం మూడు విడతలు వాంతులు రావాలి, ప్రతి విడతా ఒకే తీరుగా ఉండాలి. పూర్తిగా మానేశాక ఆరు నెలలైనా, లేదా ఆ మనిషికి మామూలుగా మూడు విడతలు వచ్చేంత కాలమైనా వాంతులు లేకుండా గడవాలి. మీ అబ్బాయికి రెండు నెలలకోసారి వస్తున్నాయి కాబట్టి ఆ లెక్కన చూసినా ఆరు నెలలే. అంటే ఈ రోగ నిర్ధారణ ఏ ల్యాబ్ రిపోర్టుతోనూ పూర్తి కాదు, మానేశాక గడిచిన నెలలతోనే పూర్తవుతుంది.

జబ్బు మూడు దశల్లో నడుస్తుంది. మొదటిది నెలలు, ఒక్కోసారి ఏళ్లు సాగుతుంది. పొద్దున్నే కడుపులో తిప్పుతుంది, వాంతి అవుతుందేమోనని భయంగా ఉంటుంది, కానీ తిండీ పనీ సాగిపోతుంటాయి. రెండోది మీరు చూస్తున్న దశ. కొందరికి గంటకు నాలుగైదుసార్లు వాంతి, ఆగని ఓకరింతలు, బొడ్డు చుట్టూ నొప్పి. సాధారణంగా ఒకటి రెండు రోజులు, కొన్నిసార్లు వారం. మూడోది కోలుకునే దశ. తిండి సయిస్తుంది, పోయిన బరువు తిరిగొస్తుంది. అసలు మోసం చేసేది ఈ మూడో దశే. ఒంట్లో బాగానే ఉంది కదా అని మళ్లీ తాగుతారు, చక్రం మళ్లీ మొదటికొస్తుంది.

ఇన్నిసార్లు ఆసుపత్రికి వెళ్లినా ఎందుకు తేలలేదంటే, అడిగినవాళ్లూ లేరు, చెప్పినవాళ్లూ లేరు. పక్కన అమ్మ కూర్చుని ఉండగా 'గంజాయి తాగుతావా' అని డాక్టరు అడిగినా ఏ కొడుకు ఔనంటాడు? ఈసారి వెళ్లినప్పుడు మీరు పది నిమిషాలు బయట కూర్చోండి. అబ్బాయి ఒంటరిగా డాక్టరుకు చెప్పాల్సినవి ఇవి: ఎన్నేళ్ల నుంచి, రోజుకు ఎన్నిసార్లు, ఏ రూపంలో, చివరిసారి ఎప్పుడు, వేడినీళ్లు పోసుకున్నాక ఎంతసేపటికి తగ్గుతుంది. ఇవి కాగితం మీద రాసిస్తే ఇంకా మంచిది, వాంతుల మధ్యలో మాట్లాడే ఓపిక ఉండదు.

ఒక జాగ్రత్త. గంజాయి తాగేవాడి వాంతులన్నీ గంజాయి వల్లే కానక్కర్లేదు. అపెండిక్స్, పాంక్రియాస్ వాపు, పిత్తాశయంలో రాళ్లు, పేగు మూసుకుపోవడం, షుగరు అదుపు తప్పి కీటోన్లు పేరుకోవడం కూడా ఇలాగే మొదలవుతాయి. కాబట్టి రక్తంలో సోడియం, పొటాషియం, క్రియాటినిన్, షుగరు, పాంక్రియాస్ వాపును పట్టిచ్చే లైపేజ్, కాలేయ పరీక్షలు, మూత్రంలో కీటోన్లు, కడుపు అల్ట్రాసౌండ్ ఒకసారి చూడాల్సిందే. అవన్నీ సరిగ్గా ఉండి, కథ అచ్చు ఇదే అయినప్పుడు మూడో ఎండోస్కోపీ దండగ.

ప్రశ్న: కేన్సర్ పేషెంట్లకు వాంతులు తగ్గడానికి గంజాయి మందుగా ఇస్తారు కదా. నాకైతే పొద్దున వికారంగా ఉన్నప్పుడు ఒక జాయింట్ (గంజాయి చుట్టిన సిగరెట్) కొడితేనే కాస్త తిండి దిగుతుంది. మరి అదే వాంతులు ఎలా తెప్పిస్తుంది? కల్తీ సరుకు వల్లేమో అని నా అనుమానం.
– గచ్చిబౌలి నుంచి

జవాబు: మందుగా ఇస్తారన్నది నిజమే. గంజాయిలో మత్తుకు మూలమైన టీహెచ్‌సీనే కృత్రిమంగా తయారుచేసిన డ్రోనబినాల్ అనే మాత్రను కీమోథెరపీ వాంతులకు అమెరికాలో 1985లోనే అనుమతించారు. కాకపోతే అది కొలిచిన మిల్లీగ్రాముల్లో, కీమో జరిగే కొన్నాళ్ల పాటు ఇచ్చే మందు. మీరు వాడేదానికి కొలతా లేదు, గడువూ లేదు.

మన ఒంట్లో సహజంగానే గంజాయి లాంటి పదార్థాలు కొద్దికొద్దిగా తయారవుతుంటాయి. మెదడులోనూ పేగుల్లోనూ వాటిని అందుకునే సీబీ1 గ్రాహకాలుంటాయి. కొద్ది మోతాదు మెదడులోని వాంతి కేంద్రాన్ని జోకొడుతుంది. అదే గ్రాహకాలు పొట్ట కదలికను మందగింపజేస్తాయి కూడా. ఏళ్ల తరబడి రోజూ పెద్ద మోతాదు పడుతుంటే ఈ గ్రాహకాలు మొద్దుబారి, మొత్తం అమరికే గతి తప్పుతుందన్నది ఇప్పుడు ఎక్కువమంది వైద్యులు ఒప్పుకునే వివరణ. పైగా టీహెచ్‌సీ కొవ్వులో కరిగి ఒంట్లో నిల్వ ఉండిపోతుంది. ఇవాళ తాగిందే ఇవాళ పనిచేస్తుందనుకోవద్దు, పోయిన నెలదీ కొంత మిగిలే ఉంటుంది.

కల్తీ మీద అనుమానం చాలామందికి ఉంటుంది, సరుకు మార్చి చూస్తారు. ఎండు గంజాయి మానేసి హాష్ ఆయిల్‌కో, మట్టి లేకుండా నీళ్లలో పెంచే హైడ్రోపోనిక్ రకానికో మారతారు. వాటిలో టీహెచ్‌సీ ఇంకా ఎక్కువ. పొయ్యి మీద పడ్డవాణ్ణి మంటలోకి తోసినట్టే.

మీ ఉత్తరంలో మాకు ఆందోళన కలిగించింది ఆ పొద్దుటి జాయింట్. పొద్దున్నే వికారం, తాగితే నెమ్మదించడం, అందుకని ఇంకాస్త ఎక్కువ తాగడం, ఇది మొదటి దశ లక్షణం. ఎంత తాగినా వికారం తగ్గని రోజు వచ్చిందంటే రెండో దశ గుమ్మంలో ఉన్నట్టే. మీకింకా పెద్ద వాంతులు మొదలవలేదు. మానడానికి ఇంతకన్నా తేలిక సమయం దొరకదు.

ప్రశ్న: మా ఆయనకు ఇదే జబ్బని డాక్టరు గారు తేల్చారు. మే నెల ఎండల్లో కూడా రోజుకు ఆరేడుసార్లు వేణ్నీళ్లు పోసుకున్నారు. గీజర్ నీళ్లు అయిపోతే బకెట్‌లో హీటర్ రాడ్ వేసి మరీ. వీపు, పొట్ట ఎర్రగా కమిలి, వలలాగా మచ్చలు పడ్డాయి. వేడి వల్ల నిజంగా తగ్గుతుందా, అంతా మనసు భ్రమా?
– ఓ ఇల్లాలు, ఉప్పల్

జవాబు: భ్రమ కాదమ్మా, నిజంగానే తగ్గుతుంది. చర్మంలోనూ పేగుల్లోనూ నరాల కొసల మీద టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాలుంటాయి. వేడిని, మిరపకాయ మంటను పసిగట్టేవి అవే. గంజాయి వీటి పనిని కూడా చెడగొడుతుందని, వేడి తగిలినప్పుడు ఇవి మళ్లీ చురుకెక్కి వికారం అణుగుతుందని భావిస్తున్నారు. చిక్కేమిటంటే, ఆ ఉపశమనం నీళ్లు ఒంటి మీద పడుతున్నంతసేపే. కట్టేసిన కాసేపటికే వికారం తిరిగొస్తుంది. అందుకే బాత్‌రూమ్‌లోంచి బయటికి రారు.

వలలాంటి ఆ మచ్చలు కాలిన గాయానికి ముందు మెట్టు. రోజూ కుంపటి ముందు కూర్చునేవాళ్ల కాళ్ల మీదా ఇవే వస్తాయి. 49 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని కాల్చడానికి ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. 60 డిగ్రీలైతే ఐదు సెకన్లు చాలు. మన ఇళ్లలో గీజర్ల తిరుగుడు బిళ్ల చివరిదాకా తిప్పితే 60 దాటేస్తుంది. ఆ బిళ్లను సగం కన్నా తక్కువకు తిప్పి, ట్యాపులోంచి వచ్చే నీళ్లను థర్మామీటర్‌తో చూడండి, 41, 42 డిగ్రీలు దాటకూడదు. జ్వరం చూసే థర్మామీటర్ పనికిరాదు, వంటకు వాడే డిజిటల్‌ది కావాలి.

హీటర్ రాడ్‌ను ఇంట్లోంచే తీసేయండి. వాంతులతో తల తిరుగుతున్న మనిషి, తడి నేల, కరెంటు ఉన్న బకెట్, ఈ మూడూ ఒక గదిలో ఉండకూడదు. బాత్‌రూమ్ గడియ పెట్టుకోవద్దని చెప్పండి, లోపల ప్లాస్టిక్ కుర్చీ వేయండి. ఒక్కో స్నానం పది నిమిషాలు దాటనివ్వకండి. వేడికి రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది, చెమట రూపంలో నీళ్లు ఇంకా పోతాయి. అప్పటికే వాంతులతో ఎండిపోయిన ఒళ్లు కావడంతో లేచి నిలబడగానే పడిపోతారు.

దీనికి బదులు కాప్సైసిన్ క్రీమ్ ఉంది. కాప్సైసిన్ అంటే మిరపకాయకు ఘాటునిచ్చే పదార్థమే. ఆసుపత్రుల్లో 0.1 శాతం క్రీమ్ వాడతారు, మందుల షాపుల్లో దొరికేవి ఎక్కువగా 0.025, 0.075 శాతం. చేతికి గ్లౌజ్ తొడుక్కుని బొడ్డు చుట్టూ పలుచగా రాయాలి, రోజుకు మూడుసార్లు దాకా. మొదట మంట పుడుతుంది, అరగంటలో వికారం నెమ్మదిస్తే పనిచేసినట్టు. రాసిన చోట వేణ్నీళ్లు పోయకూడదు, వేడి కాపడం పెట్టకూడదు, మంట రెట్టింపవుతుంది. మీ వారి పొట్ట ఇప్పటికే కమిలి ఉంది కాబట్టి అది మానేదాకా ఆ చోట రాయొద్దు, భుజాల వెనక వైపు రాయొచ్చు. ఆ చేతులతో కళ్లు తుడుచుకోకూడదు. ఇదే కదా అని గుంటూరు కారం నూనెలో కలిపి పట్టించేవాళ్లున్నారు. బొబ్బలెక్కుతాయి, ఆ పని చేయొద్దు.

ప్రశ్న: తమ్ముడికి అర్ధరాత్రి మొదలైతే తెల్లారేదాకా ఇంట్లో ఏం చేయాలి? ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి?
– ఎల్‌బీ నగర్ నుంచి

జవాబు: దాహమని గ్లాసెడు నీళ్లు ఒక్కసారి తాగనివ్వకండి, పొట్ట సాగగానే మొత్తం బయటికొస్తుంది. వాంతి అయ్యాక పది పదిహేను నిమిషాలు ఆగి, టీ చెంచాతో, అంటే 5 మిల్లీలీటర్ల చొప్పున, నిమిషానికొకటి ఇవ్వండి. వినడానికి చాదస్తంగా ఉంటుంది గానీ గంటకు 300 మిల్లీలీటర్లు లోపలికి పోతాయి. ఇచ్చేది ఓఆర్ఎస్ కావాలి. పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో, చిన్నదాన్ని 200 మిల్లీలీటర్లలో మొత్తం ఒకేసారి కలపాలి, కొంచెం కొంచెం వేసుకోకూడదు. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోండి. పళ్లరసం డబ్బాల మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్మడాన్ని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆపించింది. దాని వెనక మన హైదరాబాద్ పిల్లల డాక్టరు ఒకరి ఏళ్ల పోరాటం ఉంది. ఆ తియ్యటి డబ్బాల్లో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. రాత్రిపూట ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి వేయండి. ఇందులో పొటాషియం ఉండదు, అందుకే తెల్లారగానే ప్యాకెట్ తెచ్చుకోండి.

వాంతి అయిన వెంటనే బ్రష్ చేయనివ్వకండి. కడుపులోని ఆమ్లం తగిలి మెత్తబడిన పంటి పైపొర బ్రష్‌తో రాలిపోతుంది. లీటరు నీళ్లలో టీ చెంచా వంటసోడా కలిపి పుక్కిలిస్తే చాలు. నొప్పికని డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటివి అసలే ఇవ్వొద్దు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు అవి కిడ్నీని నేరుగా దెబ్బతీస్తాయి.

చెంచాతో ఇచ్చినా రెండు గంటలు ఏమీ నిలవకపోయినా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మినా తెల్లారేదాకా ఆగొద్దు. చేతివేళ్లు కొంకర్లు పోవడం, గుండె దడ, మాట తడబడటం పొటాషియం, మెగ్నీషియం లాంటి లవణాలు పడిపోయాయనడానికి గుర్తులు. వాంతిలో నెత్తురు గానీ కాఫీ పొడిలాంటి నలుపు గానీ కనిపిస్తే అన్నవాహిక చివర చిరిగి ఉండొచ్చు. గట్టిగా వాంతి అయిన మరుక్షణం ఛాతీలో కోసినట్టు నొప్పి, మెడ దగ్గర చర్మం నొక్కితే కరకర చప్పుడు ఉంటే ఒక్క నిమిషం కూడా వృథా చేయొద్దు, 108కి ఫోన్ చేయండి. జ్వరం ఉన్నా, నొప్పి కడుపుకు కుడివైపు కింద చేరినా ఈసారి జబ్బు వేరే కావచ్చు. 'వీడికి మామూలే' అనుకోవడం ఇలాంటప్పుడే ప్రాణం మీదికి తెస్తుంది. ఈ వాంతుల వల్ల లవణాలు పూర్తిగా తారుమారై మనుషులు చనిపోయిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

ప్రశ్న: చిన్న నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీ డాక్టర్ని. ఇలాంటి కుర్రాళ్లు వస్తుంటారు. వాంతులకు ఆన్‌డాన్సెట్రాన్, కడుపులో మంటకు పాంటాప్రజోల్, నొప్పికి ట్రామడాల్ ఇస్తాం. గంటలో మళ్లీ వాంతులే. ఇంకేం చేయొచ్చు?
– వనస్థలిపురం నుంచి

జవాబు: మొదట ట్రామడాల్ ఆపేయండి డాక్టర్ గారూ. నల్లమందు (ఓపియాయిడ్) జాతి మందులు ఏవైనా పేగు కదలికను ఇంకా మందగింపజేసి వాంతులు పెంచుతాయి. ఒక మత్తు మందుకు అలవాటు పడ్డ మనిషికి ఇంకోటి అలవాటు చేసినట్టవుతుంది కూడా. పాంటాప్రజోల్ మంట తగ్గిస్తుందేమో గానీ ఈ వాంతులను ఆపదు.

ఆన్‌డాన్సెట్రాన్ ఈ జబ్బులో తరచూ విఫలమవుతుంది. విఫలమైంది కదా అని 4 మిల్లీగ్రాముల మీద 4 ఎక్కిస్తూ పోవద్దు. మానసిక జబ్బులకు వాడే హాలోపెరిడాల్ దీనికన్నా బాగా పనిచేస్తుందని 2021లో వెలువడిన కెనడా ట్రయల్‌లో తేలింది. అందులో వాడింది కిలో బరువుకు 0.05 లేదా 0.1 మిల్లీగ్రాము, నరం ద్వారా. ఎక్కువ మోతాదులో మెడ, దవడ లాగేసే డిస్టోనియా కనిపించింది కాబట్టి తక్కువతోనే మొదలుపెట్టడం తెలివైన పని. 60 కిలోల మనిషికి అది 3 మిల్లీగ్రాములు. మెడ వంకర తిరిగితే ఇంట్లోవాళ్లు ఫిట్స్ అని హడలిపోతారు, ముందే చెప్పి ఉంచండి, దాన్ని విడిపించే ప్రోమెథజీన్ ఇంజెక్షన్ సిద్ధంగా పెట్టుకోండి. హాలోపెరిడాల్‌కు ముందు ఈసీజీ తప్పనిసరి. అదీ, ఆన్‌డాన్సెట్రానూ రెండూ ఈసీజీలో క్యూటీ అనే వ్యవధిని సాగదీస్తాయి, వాంతులతో పొటాషియం ఇప్పటికే పడిపోయి ఉంటుంది. ఈ మూడూ కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. మానిటర్ లేకపోతే పెద్దాసుపత్రికి పంపించడమే మేలు.

ద్రవాల విషయంలో మన దగ్గర గ్లూకోజ్ సీసా మీద మోజు ఎక్కువ. మొదట ఎక్కాల్సింది నార్మల్ సెలైన్ లేదా రింగర్ లాక్టేట్, లీటరు నుంచి రెండు లీటర్లు, మూత్రం వచ్చేదాకా చూసుకుంటూ. రోజుల తరబడి తిండి లేనివాళ్లకు డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కించే ముందు థయమిన్ (విటమిన్ బీ1) 100 మిల్లీగ్రాములు ఇవ్వాలి, లేకపోతే మెదడు దెబ్బతినే వెర్నికే స్థితి రావచ్చు. పొటాషియంతో పాటు మెగ్నీషియం, ఫాస్ఫరస్ కూడా చూడండి. మెగ్నీషియం తక్కువగా ఉన్నంతకాలం పొటాషియం ఎంత ఎక్కించినా నిలవదు. పొట్ట మీద కాప్సైసిన్ క్రీమ్ రాయడానికి ఇవేవీ అడ్డు కాదు, ఖర్చూ తక్కువ. ఆందోళన తగ్గించి మత్తునిచ్చే లోరజెపామ్ కొందరికి ఉపశమనమిస్తుంది గానీ వార్డులోనే, ఒకటి రెండు డోసులే. డిశ్చార్జ్ చీటీలో మాత్రం రాయకండి.

ఆ చీటీలో 'అక్యూట్ గ్యాస్ట్రైటిస్' అని రాసి పంపిస్తే వచ్చేసారి ఇంకో ఆసుపత్రిలో మళ్లీ ఎండోస్కోపీ నుంచే మొదలుపెడతారు. అనుమానాన్ని ఉన్నదున్నట్టు, రోగికి చెప్పి రాయండి.

ప్రశ్న: మానేస్తే ఎన్నాళ్లకు పూర్తిగా తగ్గుతుంది? వారానికోసారి తక్కువగా తాగితే? హోలీకి భంగు తాగితే? ఆన్‌లైన్‌లో దొరికే 'విజయ' నూనె చుక్కలు పర్లేదా?
– అమీర్‌పేట హాస్టల్ నుంచి

జవాబు: వాంతుల విడత కొన్ని రోజుల్లో ముగుస్తుంది. పొద్దుటి వికారం పూర్తిగా పోవడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. మొదటి నెలలో ఒక చిన్న విడత వచ్చినా 'మానినా లాభం లేదు' అనుకోకండి, ఒంట్లో నిల్వ ఉన్నది పోవడానికి టైము పడుతుంది.

మానిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, చెమటలు, ఆకలి లేకపోవడం మొదలై మొదటి వారంలో ఎక్కువగా ఉంటాయి, రెండు మూడు వారాల్లో సర్దుకుంటాయి. విచిత్రమైన కలలొస్తాయి, అదీ ఇందులో భాగమే. చాలామంది జారిపోయేది నాలుగో రోజు రాత్రి, నిద్ర కోసం. ఆ వారం హాస్టల్ గదిలో కాకుండా ఇంట్లో గడపండి. విడతలు మరీ తరచుగా వచ్చేవాళ్లకు వైద్యులు డిప్రెషన్‌కు వాడే అమిట్రిప్టిలిన్ మాత్రను రాత్రిపూట 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం వారం పెంచుతూ 75 నుంచి 100 దాకా తీసుకెళ్తారు. అది డాక్టరు చీటీతోనే, మొదట ఈసీజీ చూశాకే. గంజాయి మానకుండా ఆ మాత్ర ఒక్కటే మింగితే పెద్దగా ఒరిగేదేమీ లేదు.

వారానికోసారి అన్నది మీ ఒంటితో బేరమాడటమే. ఒకసారి ఈ జబ్బు వచ్చినవాళ్లకు తగ్గించడం పనిచేయదు, పూర్తిగా మానాలి. భంగు అదే మొక్క ఆకు, అందులోనూ టీహెచ్‌సీ ఉంటుంది. తింటే పనిచేయడానికి గంట రెండు గంటలు పడుతుంది కాబట్టి, ఎక్కలేదని ఇంకో గ్లాసు తాగే ప్రమాదం వేరే. ఇక విజయ అన్నది ఆయుర్వేదంలో గంజాయి మొక్కకున్న పేరే. సీసా మీద ఎంత అందంగా రాసినా మొత్తం మొక్క సారం అంటే టీహెచ్‌సీ కూడా ఉన్నట్టే. మీకు మూడూ వద్దు.

ప్రశ్న: డాక్టరుకు నిజం చెబితే పోలీసులకు తెలుస్తుందని భయం. ఎక్కడికి వెళ్లాలి?
– పేరు, ఊరు వేయవద్దు

జవాబు: రోగి చెప్పిన రహస్యాన్ని కాపాడటం డాక్టరు వృత్తిధర్మం. చట్టం సంగతికొస్తే, 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం ప్రకారం గంజాయి తాగడం నేరమే. సెక్షన్ 27 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అదే చట్టంలో సెక్షన్ 64ఏ కూడా ఉంది. మత్తుకు బానిసైన మనిషి తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు చేరితే, వాడకం, చిన్న పరిమాణం కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.

ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో మత్తు మానిపించే చికిత్స ఉంది. వెళ్లే ముందు మాట్లాడాలంటే మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416, రెండూ ఉచితం. 1908 మాత్రం తెలంగాణ మాదకద్రవ్యాల పోలీసు విభాగానిది, అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వడానికి. చికిత్స కోసం దానికి చేయనక్కర్లేదు.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. సరిగ్గా ఇలాంటి వాంతులే, వేణ్నీళ్లకే తగ్గుతాయి. గంజాయి ఎలా ఉంటుందో కూడా తెలియదు. డాక్టరు నన్ను అనుమానంగా చూస్తున్నారు.
– సికింద్రాబాద్ నుంచి

జవాబు: మీ మాట మేం నమ్ముతున్నాం. సైక్లిక్ వామిటింగ్ సిండ్రోమ్ అని ఇంకో జబ్బు ఉంది. అందులోనూ విడతలు ఇలాగే వస్తాయి, వాళ్లలోనూ చాలామందికి వేడినీళ్లు హాయినిస్తాయి. కాబట్టి వేణ్నీళ్ల స్నానం ఒక్కటే గంజాయికి సాక్ష్యం కాదు. మీకు గానీ ఇంట్లో ఎవరికైనా గానీ మైగ్రేన్ ఉందా, విడతలు నెలసరి ముందు వస్తున్నాయా, నిద్ర తక్కువైన రోజుల తర్వాత వస్తున్నాయా అన్నది మూడు నెలలు డైరీలో రాసి చూపించండి. దానికి విడిగా మందులున్నాయి. ప్రతి విడతలోనూ ముందు గర్భ పరీక్ష చేయించుకోండి. అనుమానం తీరడానికి మూత్రంలో గంజాయి పరీక్ష చేయమని మీరే అడగొచ్చు.

ప్రశ్న: మావాడు మానేసి 20 రోజులైందంటున్నాడు. మందుల షాపులో కిట్ కొని మూత్రం చూస్తే పాజిటివ్ వచ్చింది. అబద్ధం చెబుతున్నట్టేనా?
– ఓ తండ్రి, మల్కాజ్‌గిరి

జవాబు: అలా అనడానికి లేదండీ. ఎప్పుడో ఒకసారి తాగినవాళ్లకు మూడు నాలుగు రోజుల్లో నెగెటివ్ వస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లకు నెల దాకా, అంతకు మించి కూడా పాజిటివ్ వస్తుంది. కొవ్వులో దాగినది నెమ్మదిగానే బయటికొస్తుంది. లావుగా ఉన్నవాళ్లకు ఇంకా ఆలస్యం కావచ్చు. ఆ కిట్ గీత మందంగా ఉందా పలుచగా ఉందా అని చూసి తూకం వేయకండి, అది ఉందో లేదో చెప్పేదే తప్ప ఎంతో చెప్పేది కాదు. మళ్లీ చూడాలనుకుంటే ఆరు వారాలు దాటాక చూడండి. ఈలోగా వారానికోసారి బరువు చూసి రాసిపెట్టండి, పొద్దున టిఫిన్ తింటున్నాడో లేదో, గీజర్ ఎన్నిసార్లు వేస్తున్నాడో గమనించండి.